గాజు పలుకు



కొంతకాలము క్రిందట ఒక గృహస్థు మాకు ఉత్తరము వ్రాసిరి. వీణ కచేరి ప్రసారమగునపుడు మంద్రస్థాయిలో ఒక్క స్వరము వద్ద మాత్రము ‘జుయ్’ మను చప్పుడు వచ్చుచున్నదట. రేడియో బాగుచేయువానికి రెండుమార్లు రుసుము చెల్లించినను అది పోలేదట. మేము మొదట మా యంత్రములనే శంకించితిమి. కచేరి టేపును మరల వింటిమి, దోషము కానరాలేదు. రేడియో యున్న గదిలో గాజుతలుపుల బీరువా కలదా యని అడిగితిమి. కలదని జవాబు వచ్చెను.

శబ్దమనగా కంపనము. తంత్రి కదలిన చుట్టునున్న గాలి కదలును. ఆ కదలిక అలలుగా సాగి మన కర్ణభేరిని తాకును. సెకనునకు కలుగు కంపనముల సంఖ్యకు పౌనఃపున్యమని పేరు. అది తగ్గినకొలది స్వరము మంద్రమగును. ప్రతి వస్తువునకును సహజమైన పౌనఃపున్యము కలదు. ఖాళీ గాజుగ్లాసును చెంచాతో తట్టుడు. సగము నీరు పోసి మరల తట్టుడు. స్వరము దిగుట తెలియును. బయటి స్వరము వస్తువు సహజస్వరముతో కలిసినచో ఆ వస్తువును గట్టిగా కంపించును. ఇదియే అనునాదము. సమయమునకు తోసినచో పసివాని తోపునకైనను ఉయ్యాల ఎత్తుగా ఊగును గదా! చట్రములో వదులైన అద్దము ఇట్లే కదలి చెక్కను కొట్టుకొనును.

శబ్దము గాలిలో సెకనునకు సుమారు 340 మీటర్లు, గాజులో 5,000 మీటర్లకు పైగా పోవును. అయినను గాలినుండి గాజులోనికి ప్రవేశించుట దానికి దుర్లభము. గాజు గాలికంటె సుమారు రెండువేల రెట్లు సాంద్రమైనది. కావున శబ్దములో అధికభాగము వెనుకకు మరలును. స్టూడియో కిటికీకి రెండు అద్దములను ఎడముగా అమర్చుదురు. వాని మందములు వేరు. ఒకటి సులువుగా పోనిచ్చు స్వరమును రెండవది అడ్డగించును. అంచులకు మెత్తని రబ్బరు వేయుదురు. ఆ రబ్బరు ఎండి వదులైనచో ఆ అద్దమును మీ బీరువావలెనే పలుకును.

ఆ గృహస్థు అద్దమునకును చట్రమునకును నడుమ మడత కాగితము దూర్చిరి. చప్పుడు మానెను. చెల్లించిన రుసుము మాత్రము తిరిగి రాలేదు.

కావున మీ యింట అట్టి చప్పుడు వినిపించిన, ముందు గదిలోని అద్దములపై ఒక్కొక్కదానిపై అరచేయి ఆనించి చూడుడు. చప్పుడు ఆగినచో రేడియో నిర్దోషి. ఆగనిచో మాకు వ్రాయుడు. తప్పు మాదైన ఒప్పుకొని సరిదిద్దుకొందుము.