షారివారీ అను మాట

ఇంగ్లీషు నిఘంటువులలో నిలిచియుండి, వాడుకలో మాత్రము అరుదైన మాటలలో 'షారివారీ' ఒకటి. పళ్ళెములు, మూకుళ్ళు, గంటలు, కొమ్ముబూరలు ఒక్కుమ్మడిగా మ్రోగించి, కేకలు వేసి, చెవులు చిల్లులు పడునట్లు చేయు రొదకు అది పేరు. అందు శ్రుతిలయలు లేవు. ఉద్దేశము మాత్రము కలదు.

ఈ మాట ఫ్రెంచి భాషనుండి ఇంగ్లీషులోనికి వచ్చినది. ఫ్రాన్సులో 14వ శతాబ్దమునాటికే ఇది వ్యవహారమున నుండెను. దీనికి మూలము గ్రీకులోని 'కరేబారియా' యనియు, అది లాటిను ద్వారమున ఫ్రెంచిని చేరెననియు నిఘంటుకారులు పలువురు చెప్పుదురు. 'కరే' యనగా తల. 'బారుస్' యనగా బరువైనది. రెండును కలిసి తలనొప్పి యను అర్థము నిచ్చినవి. మొదటి మాటకు సంస్కృతములోని 'శిరస్సు', రెండవదానికి 'గురు' శబ్దము జ్ఞాతులని భాషాశాస్త్రజ్ఞుల నిర్ణయము. మనమును తలనొప్పిని శిరోభారమనుచున్నాము గదా! కాగా ఈ రొదకు పేరు వాయించు వస్తువులనుబట్టి గాక, వినువారి తలనుబట్టి వచ్చినదని చెప్పవలెను.

ఆ వినువారెవరు? పూర్వము ఐరోపా గ్రామములలో వితంతువు మరల వివాహమాడినను, వృద్ధుడు పడుచుపిల్లను చేసికొన్నను, ఊరి యువకులు రాత్రివేళ ఆ యింటిముందు చేరి ఈ రొద చేయుచుండిరి. పలుచోట్ల కొంత పైకము చేతిలో పడినగాని కదలెడివారు కారు. ఇంగ్లండులో దీనిని 'రఫ్ మ్యూజిక్' అనిరి. అమెరికాలో ఈ మాట 'షివరీ' యై, క్రొత్త దంపతులను ఆటపట్టించు వేడుకకు పేరైనది. అన్నిచోట్లను ఇది వేడుకగా ముగియలేదు. థామస్ హార్డీ 1886లో ప్రకటించిన 'ది మేయర్ ఆఫ్ కాస్టర్‌బ్రిడ్జ్' నవలలో, తన పాత ప్రణయమును వెక్కిరించు బొమ్మల ఊరేగింపును కిటికీనుండి చూచిన లుసెట్టా యను వివాహిత మూర్ఛవచ్చి పడి, ప్రాణములు విడుచును. ఊరందరు కలిసి చేసిన పనికి ఎవరిని శిక్షింపవలెను?

అయినను ఈ మాటకు మరియొక చరిత్ర కలదు. 1832లో షార్ల్ ఫిలిపాన్ పారిసులో 'ల షారివారీ' యను వ్యంగ్యచిత్రముల దినపత్రికను స్థాపించెను. దోమియే వంటి చిత్రకారులు అందులో రాజును, మంత్రులను పరిహసించిరి. 1835లో ప్రభుత్వము రాజకీయ వ్యంగ్యచిత్రములపై కఠిన శాసనము చేయగా, పత్రిక సాంఘిక హాస్యమువైపు మరలెను. 1841లో లండనులో వెలసిన 'పంచ్' పత్రిక తన్ను 'లండన్ షారివారీ' యని చెప్పుకొనెను; అది 2002లో ఆగిపోయినది. ఒంటరి వితంతువు వాకిట మ్రోగిన రొద పేరు, ఈ పత్రికలలో అధికారము వాకిటికి చేరినది.

మా ప్రసంగము మీకు శిరోభారమైనచో రేడియో మీట త్రిప్పి ఆపివేయగలరు. ఆ వితంతువు ఇంట అట్టి మీట లేకుండెను. ఒక ధ్వని ఎంత కర్కశమో నిర్ణయించునప్పుడు, దానిని ఆపగల శక్తి వినువారికి కలదో లేదో కూడ మనము విచారింపవలసియున్నది.