సీసాలో ఏమున్నదో చెప్పి అమ్మండి

సమస్త ప్రశంసలూ అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు కురియుగాక!

విశ్వాస సోదరులారా! జుమా నాడు స్నానం చేసి, ఉన్నంతలో సుగంధం పూసుకుని మస్జిదుకు రావడం మన ప్రవక్త (స) నేర్పిన సంప్రదాయం. అందుకే ఈ రోజు మన సఫ్‌లలో గులాబీ, మల్లె, వట్టివేరు పరిమళాలు కలగలసి ఉన్నాయి. ఈ పరిమళం ఎవరి చేతుల మీదుగా మన దాకా వస్తున్నదో ఆలోచిద్దాం.

ఉత్తరప్రదేశ్‌లో గంగానదికి సమీపాన కన్నౌజ్ అనే పట్టణమున్నది. అక్కడ తరతరాలుగా అత్తరు తీసే కుటుంబాలున్నాయి. వారిలో ముస్లింలూ ఉన్నారు, హిందువులూ ఉన్నారు. వేకువన కోసిన గులాబీలను ఎండ ముదరక ముందే తెచ్చి, దేగ్ అనే పెద్ద రాగి పాత్రలో నీటితోపాటు వేస్తారు. మూత అంచున దూది, బంకమట్టి మెత్తి ఆవిరి పోకుండా బిగిస్తారు. కింద కట్టెలతో, పిడకలతో మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టం గుండా, నీటి తొట్టిలో చల్లగా ఉంచిన భప్కా అనే మరో రాగి పాత్రలోకి చేరుతుంది. అందులో ముందే పోసి ఉంచిన గంధపు నూనె ఆ పరిమళాన్ని పీల్చుకుంటుంది. నీటిని వేరుచేసిన తరువాత మళ్లీ కొత్త పూలు, అదే నూనె. ఇలా రోజుల తరబడి సాగుతుంది. మంట ఎక్కువైతే పూలు మాడిపోతాయి. ఎంత మంట చాలునో దేగ్ పక్కన కూర్చున్న పనివాడు చేత్తో తాకి, చెవితో విని గ్రహిస్తాడు. కాల్చిన మట్టి నుండి తొలకరి వాన వాసనను కూడా వీరు ఇదే విధంగా నూనెలోకి దింపుతారు. సుబ్‌హానల్లాహ్!

ఇక అసలు విషయం. గంధపు నూనె ఎంతో ప్రియమైపోయింది. అందుచేత నేడు బజారులో దొరికే అనేక అత్తర్లలో దానికి బదులు పారఫిన్ వంటి చౌక నూనె, పూల సారానికి బదులు రసాయన పరిమళం ఉంటున్నాయి. కలపడమే నిషిద్ధమని మేము అనడం లేదు. తక్కువ ధర సీసా పేదవానికీ సుగంధాన్ని అందిస్తుంది, అదీ మేలే. కాని దానిని 'అసలైన గులాబీ' అని అమ్మడం మోసం. ఆల్కహాల్ లేదన్న ఒక్క మాట చూపి స్వచ్ఛమైనదన్న భ్రమ కల్పించడం మరింత ఘోరం. అక్కడ కొనేవాని ధర్మనిష్ఠనే సరుకుగా చేసుకుంటున్నారు.

ఒకసారి ప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూడగా లోపల తడి తగిలింది. వానకు తడిసిందని వర్తకుడు చెప్పుకున్నాడు. తడిసిన దానిని జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన నిలదీశారు. ముస్లిం హదీసు గ్రంథంలో ఉన్న ఈ సంఘటనను అత్తరు వర్తకులు మరీ గుర్తుంచుకోవాలి. ఎందుకంటే మంచి స్నేహితునికి పోలికగా ప్రవక్త (స) ఎన్నుకున్నది కస్తూరి అమ్మేవానినే. అంతటి గౌరవం పొందిన వృత్తి అది!

కొనేవారిని కూడా మేము వదిలిపెట్టము. చార్మినార్ పరిసరాలలో తులాల లెక్కన అత్తరు బేరమాడే సోదరులారా! "ఇది కలిపినది, అసలుది ఇంత ధర" అని నిజం చెప్పిన దుకాణం మెట్లు దిగి, సగం ధరకే స్వచ్ఛమైనదని అల్లాహ్ మీద ఒట్టు పెట్టేవాని దగ్గరికి ఎందరం వెళ్లడం లేదు? నిజాయితీగల కుటుంబాల దేగ్‌లు చల్లారిపోతే అందులో మన బేరానికీ వాటా ఉంటుంది.

మన జమాతులో అత్తరు అమ్మే సోదరులకు ఒక విన్నపం. రమజాను రద్దీ మొదలవక ముందే ప్రతి సీసా మీద లోపల ఏ నూనె ఉన్నదో తెలుగులోనూ ఉర్దూలోనూ రాసి అంటించండి. పాత సరుకునూ అలాగే చెప్పి అమ్ముకోవచ్చు, దోషం లేదు.

అల్లాహ్ ఆ మంటల ముందు కూర్చున్న శ్రామికుల ఉపాధిలో బర్కత్ ప్రసాదించుగాక! ఆమీన్.