పని మానిన తరువాత కూడ ఫిర్యాదు చేయవచ్చును

పంచాయతీ సభ్యులారా,

ఆత్రేయపురము పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది. పలుచని బియ్యపు పిండిలో ముంచిన గుడ్డను బోర్లించిన వేడి కుండపై పరచి లాగి, నిలిచిన రేకును చిరుగకుండ తీయు స్త్రీలే ఆ పేరునకు కారకులు. వారిలో పలువురు నలుగురైదుగురుండు చిన్న చోట్ల కూలికి పనిచేయుచున్నారు.

అట్టి చోట యజమాని లైంగిక వేధింపునకు తాళలేక ఒకామె పని మానుకొన్నదనుకొందము. “మానుకొంటివి గదా, ఇక గొడవ ఎందులకమ్మా” అని మనమే అందుము. అది పొరపాటు. బాధితురాలు ఉద్యోగములో నున్నను లేకున్నను ఫిర్యాదు చేయవచ్చునని 2013 నాటి చట్టము చెప్పుచున్నది. పదిమందికి తక్కువ పనివారున్న చోటైనను, ఫిర్యాదు యజమానిపైననే అయినను, జిల్లాలోని స్థానిక కమిటీకి వ్రాసి ఇయ్యవలెను. వ్రాయలేనివారికి కమిటీవారే సహాయపడవలెను.

గడువు మూడు నెలలు. అది పని మానిన దినమునుండి గాక చివరి సంఘటన జరిగిన దినమునుండి లెక్కకు వచ్చును. తగిన కారణమున్నచో కమిటీ మరి మూడు నెలలు పొడిగింపవచ్చును.

మేము ముఖ్యముగ చెప్పదలచినది రచ్చబండ సంగతి. పెద్దలు నేడు రేపనుచుండగా గడువు గడచిపోవును. పిమ్మట ఎంతో కొంత సొమ్మిప్పించి సరిపెట్టుదురు. చట్టములో రాజీ లేకపోలేదు. కాని ఆమె తానై కోరినచో, విచారణకు పూర్వము, కమిటీ ద్వారా జరుగవలెను. సొమ్ము దానికి ఆధారము కారాదు.

అట్టి స్త్రీ మీయొద్దకు వచ్చినపుడు మొదట చివరి సంఘటన తేదీని వ్రాసికొనుడు. మండలములోని నోడల్ అధికారి ఎవరో ముందే తెలిసికొనియుండుడు. అందిన ఫిర్యాదును ఆ అధికారి ఏడు దినములలో కమిటీకి పంపవలెను.