డ్రిల్లు మాస్టరునకు మన తోడ్పాటు
(మేలూరు సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన పిల్లలు ఇంట తెలుగు మాటలాడి బడిలో తమిళము చదువుదురు. చదువు ఏ భాషలో సాగినను దానిని మోయవలసినది ఒడలే గదా! ఆ ఒడలి మంచిచెడ్డలు చూచుటయే పనిగా గల ఉపాధ్యాయుడు డ్రిల్లు మాస్టరు. ఆయనకు మనమెట్లు తోడ్పడవచ్చునో విన్నవింపదలచితిమి.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. హ్యారీ క్రో బక్ దొర 1920లో మదరాసున వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాలను స్థాపించెను. అంతకు మునుపే కోడి రామమూర్తి నాయుడుగారు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరమున పిల్లలకు కసరత్తు నేర్పిరి. లోకము ఆయనను ఇనుప గొలుసులు త్రెంచిన మల్లునిగా ఎరుగును. బడిపంతులుగా ఎరిగినవారు కొలదిమంది.

5 మొదలు 17 ఏండ్ల పిల్లలు దినమునకు సగటున 60 నిమిషములు ఒడలు వంచవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినది. అనగా వారమునకు 420 నిమిషములు. బడిలో 40 నిమిషముల డ్రిల్లు పీరియడ్లు రెండున్నవనుకొన్నను 80 నిమిషములే యగును. పరీక్షలు దగ్గరపడినచో ఆ రెండును లెక్కలకు పోవుట తరచుగా చూచుచున్నాము. దానికి సంతోషించువారిలో తల్లిదండ్రులమైన మనమును ఉన్నాము.

ఆ పీరియడు ఆటకు మాత్రమే కాదు. నాలుగడుగులు పరుగిడగనే ఆయాసపడు పిల్లయు, ఎదుట వచ్చు బంతి కానరాని పిల్లవాడును మొదట డ్రిల్లు మాస్టరు కంటనే పడుదురు. తమిళనాట 15 మొదలు 19 ఏండ్ల ఆడపిల్లలలో సగమునకు మించి రక్తహీనులని 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెల్పినది. అట్టి పిల్ల కూలబడినప్పుడు సోమరియని గదుముట కంటె వైద్యునికి చూపుట మేలు.

కావున నాలుగు విన్నపములు.

మొదటిది: ఉబ్బసము, మూర్ఛ, గుండెజబ్బు ఉన్న బిడ్డ సంగతి మాస్టరునకు ముందే చెప్పుడు. పెండ్లి మాటలకు అడ్డమగునని ఆడపిల్ల జబ్బు దాచుట ఆమె ప్రాణము మీదికి తెచ్చుటయే.

రెండవది: పస్తుతో పంపకుడు. 1956లో కామరాజుగారి ప్రభుత్వము బడిలో మధ్యాహ్న భోజనము పెట్టినది. 2022 సెప్టెంబరు 15న మదురైలో ఆరంభమైన ఉదయపు ఫలాహార పథకము 1 మొదలు 5 తరగతుల వారికే. పై తరగతుల పిల్లకు ఉదయపు ముద్ద మన యింటనే దొరకవలెను.

మూడవది: పెద్దమనిషి అయినదని ఆడపిల్ల ఆట మాన్పింపకుడు. చెడుగుడు, తొక్కుడుబిళ్ల మన అవ్వలెరిగిన ఆటలే. ఆదివారము సాయంకాలము వారే నేర్పినచో పైకము అక్కరలేదు. ఆటతోపాటు నాలుగు తెలుగు మాటలును నిలుచును.

నాలుగవది: 2009 నాటి విద్యాహక్కు చట్టము బడికి ఆటస్థలము, ఆట సామగ్రి ఉండవలెనన్నది. 6 మొదలు 8 తరగతులలో నూరుగురికి మించి పిల్లలున్నచో, ఆరోగ్య వ్యాయామ విద్యకు బోధకుడుండవలెననియు అన్నది. సర్కారు బడుల నిర్వహణ సమితిలో నాల్గింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగము స్త్రీలు ఉండవలెను. మన తల్లులు ఆ సమితికి పోయి, డ్రిల్లు పీరియడును ఇతరములకు ఈయవలదని మర్యాదగా అడుగవలెను. మాస్టరు ఒక్కడు అడిగినచో తన పనికై అడిగినట్లగును. మనమడిగినచో బిడ్డలకై అడిగినట్లగును.

వచ్చు సమావేశమునకు ముందే ప్రతి ఇంటివారును తమ బిడ్డల డ్రిల్లు మాస్టరును ఒకమారు కలిసికొని రావలెనని ప్రార్థించుచు విరమించుచున్నాము.