ఈస్టుకు ఆకలి తెలిపేదెవరు?



బ్రెడ్డు ముక్క తుంచి చూస్తే లోపలంతా చిన్న చిన్న గదులు కనబడతాయి. ఆ గదులు కట్టింది ఈస్టు. చెట్టు మీదనుంచి దించిన కల్లు పులిసి నురగలు కక్కేది కూడా దానివల్లే. మన దోసెలపిండి పులవడంలో పెద్ద పాలు బాక్టీరియాదే గాని, ఈస్టుకీ అందులో కాస్త చెయ్యి ఉంది. మిల్లీమీటరును రెండువందల భాగాలు చేస్తే అందులో ఒక భాగమంత ఉంటుంది ఒక్కొక్క ఈస్టు కణం. తిండి బాగా దొరికితే గంటన్నరకల్లా ఒకటి రెండవుతుంది.

ఇంత చిన్న జీవిని పట్టుకుని ఏళ్ళ తరబడి పరిశోధన చేసేవాళ్ళున్నారంటే, “వాళ్ళకి వేరే పని లేదా?” అని మనలో కొందరికి అనిపించవచ్చు. ఇవాళ చెప్పుకోబోయేది అలాంటి ఒకాయన సంగతే. పేరు మైకేల్ హాల్. స్విట్జర్లాండులో బాసెల్ విశ్వవిద్యాలయంలో అణుజీవశాస్త్రజ్ఞుడు.

ఆయన వెతికిన ప్రశ్న వినడానికి మామూలుగానే ఉంటుంది. కణం ఎప్పుడు పెరగాలి, ఎప్పుడు ఆగాలి అన్నది దానికెవరు చెబుతారు? పొయ్యిలో కట్టెలుంటే మండుతుంది, లేకపోతే ఆరిపోతుంది, ఇదీ అంతే అని పూర్వం చాలామంది అనుకునేవారు. కాని ఇల్లు అలా నడవదు కదా! డబ్బాలో బియ్యం ఎంత ఉన్నాయో, నెలాఖరుకు ఇంకా ఎన్ని రోజులుందో చూసుకుని, ఇవాళ ఎసట్లో ఎంత పొయ్యాలో నిర్ణయించే మనిషి ఒకరుండాలి. కణంలోనూ అలాంటి ఇల్లాలు ఒకతె ఉందని తేలింది. తేలిన విధం మాత్రం బలే చిత్రం.

పసిఫిక్ మహాసముద్రంలో ఈస్టర్ దీవి అని ఒకటుంది. అక్కడివాళ్ళు దాన్ని రాపా నుయీ అంటారు. 1964లో కెనడా నుంచి వెళ్ళిన ఒక బృందం అక్కడి మట్టిని సేకరించి తెచ్చింది. ఆ మట్టిలోని ఒక బాక్టీరియా తయారుచేసే పదార్థం బూజు, ఈస్టు జాతుల పెరుగుదలను ఆపేస్తుందని మాంట్రియల్‌లోని మందుల ప్రయోగశాలలో సురేంద్రనాథ్ సెహగల్, ఆయన తోటివారు కనిపెట్టి, 1975లో ప్రకటించారు. దీవి పేరు కలిపి దానికి రాపమైసిన్ అని పేరు పెట్టారు. అయితే అది ఒంట్లోని రోగనిరోధక శక్తిని కూడా అణిచేస్తుందని తెలియడంతో, బూజు మందుగా పనికిరాకుండా పోయింది. 1980 దశకం మొదట్లో ఆ ప్రయోగశాల మూతబడినప్పుడు, సెహగల్ ఆ మందును పారెయ్యలేక ఇంటికి తీసుకెళ్ళి ఫ్రీజరులో దాచారు. పైన “తినవద్దు” అని రాసిపెట్టారట. ఐసు ముక్కల కోసం ఫ్రీజరు తలుపు తీసినప్పుడల్లా ఆ ఇంటావిడ ఏమనుకునేదో!

హాల్ దగ్గర పనిచెయ్యడానికి అమెరికానుంచి వచ్చిన యువకుడు జోసెఫ్ హైట్మన్. అదే ఊళ్ళోని సాండోజ్ మందుల కంపెనీలో పరిశోధకుడు రావు మొవ్వా. ఆ ఇంటిపేరు వింటే మనకు కృష్ణాజిల్లాలో క్షేత్రయ్యగారి మొవ్వ గుర్తు రాకమానదు. ముగ్గురూ కలిసి ఈస్టుకు రాపమైసిన్ పెట్టి చూశారు. చుట్టూ కావలసినంత తిండి ఉన్నా, ఈస్టు పెరగడం మానేసి ఊరుకుంది. కాని అన్ని కణాల్లోనూ ఎక్కడో కొన్ని మాత్రం మందును లెక్కచెయ్యకుండా పెరిగాయి. ఆ మొండివాటిని ఏరి, వాటి జన్యువుల్లో మార్పేమిటని వెతికితే, కొత్తవి రెండు బయటపడ్డాయి. ఇది 1991 సంగతి. వాటికి టోర్ అని పేరు పెట్టారు. “రాపమైసిన్ గురి” అని అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలకు పొడి అక్షరాలవి. జర్మన్ భాషలో టోర్ అంటే ద్వారం. బాసెల్‌లో స్పాలెన్‌టోర్ అనే పాతకాలపు నగరద్వారం ఇప్పటికీ ఉంది. పేరు పెట్టేటప్పుడు అదీ వాళ్ళ మనసులో ఉంది.

ఆ తర్వాతి పనిలో ఆడవాళ్ళ పేర్లు ముందున్నాయి. టోర్ జన్యువు రూపురేఖలు తెలిపిన 1993 నాటి పరిశోధనలో మొదటి పేరు జానెట్ కున్జ్‌ది. టోర్ పని ఆపితే ఈస్టు అచ్చం కరువులో ఉన్నట్టే ప్రవర్తిస్తుందని 1996లో చూపించిన వ్యాసంలో మొదటి పేరు నథాలీ బార్బేది. అంటే చుట్టూ తిండి ఉన్నదన్న కబురు లోపలికి చేరవేసేది టోర్. కబురందితే కణం మాంసకృత్తులు తయారుచేసుకుని పెరుగుతుంది. అందకపోతే పెరగడం ఆపి, తనలోని పాత సామానునే విరిచి, కరిగించి, వాడుకుంటుంది. అటక మీది ఇత్తడి గిన్నెలు అమ్మి రోజులు గడుపుకున్నట్టన్నమాట. ఈస్టులో ఈ పొదుపు విధానాన్ని శోధించినందుకే జపాను శాస్త్రజ్ఞుడు యోషినోరి ఒసుమికి 2016లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈస్టులో ఉంటే మనకేమిటి అంటారా? 1994లో మన కణాల్లోనూ టోర్ ఉందని తేలింది. ఇన్సులిను, తిన్న పప్పులోంచీ, పాలలోంచీ, గుడ్డులోంచీ వచ్చే మాంసకృత్తుల ముక్కలూ దానికి కబురందిస్తాయి. ఎదిగే పిల్లలకు పప్పు నీళ్ళు పోసి సరిపెట్టకూడదనేది ఇందుకే. ఇక్కడొక మాట. ఉపవాసం మంచిదని ఈస్టే రుజువు చేసిందని చెప్పి, అందరూ తిన్నాక మిగిలింది తినే ఇల్లాలిని ఇంకా మాడ్చేవాళ్ళు తయారవుతారు. కడుపుతో ఉన్నవాళ్ళకూ, పాలిచ్చే తల్లులకూ ఆ శాస్త్రం వర్తించదు.

2009లో ముసలి ఎలుకలకు రాపమైసిన్ పెడితే ఆయువు పెరిగింది, అదీ మగవాటికంటే ఆడవాటికి ఎక్కువ. దాంతో వయసు మళ్ళకుండా ఉండడానికని ఈ మాత్రలు తెప్పించుకుని మింగేవాళ్ళు కూడా ఉన్నారు. రోగనిరోధక శక్తిని తగ్గించే మందు అది. ముఖం మీద ముడతలకోసం మింగేది కాదు.

దాని అసలు ఉపయోగం వేరే ఉంది. ఒకరి మూత్రపిండం ఇంకొకరికి అమర్చినప్పుడు, ఒంట్లోని రక్షణ కణాలు దాన్ని పరాయిదని తలచి, పెరిగి పెరిగి దాడికి దిగుతాయి. వాటిలోని టోర్‌ను అడ్డుకుంటే ఆ దాడి ఆగుతుంది. అందుకే 1999లో అమెరికాలో రాపమైసిన్‌ను సిరోలిమస్ అనే పేరుతో మూత్రపిండం మార్చినవారికి అనుమతించారు. దాని తోబుట్టువు లాంటి మందును మూత్రపిండం కాన్సరుకు కూడా వాడుతున్నారు.

మన దేశంలో బతికుండగా మూత్రపిండం ఇచ్చేవారిలో ఎక్కువమంది స్త్రీలే, తల్లులూ భార్యలూ. ఇచ్చిన తర్వాత రోజూ వేళకు మాత్ర అందించేదీ వాళ్ళే. అలాంటి ఇళ్ళవారు ఒకటి రెండు సంగతులు తెలుసుకోవాలి. ఇది అందరికీ రాసే మందు కాదు, చాలామందికి వేరేవి ఇస్తారు. ఇది వాడేవారికి పుండ్లు ఆలస్యంగా మానతాయి, నోరు పూస్తుంది, రక్తంలో కొవ్వు పెరగవచ్చు. పంపరపనస జాతిదే గ్రేప్‌ఫ్రూట్ అని ఒక పండుంది. దాని రసం తాగితే మందు రక్తంలో ఎక్కువైపోతుంది. బాగానే ఉన్నారు కదా అని మాత్ర మానిపించకండి. ఎవరో చెప్పారని నాటుమందు కలపాలనుకుంటే, ముందు ఆ మాట డాక్టరు చెవిన వెయ్యండి.