విమానం వచ్చే వూళ్ళో వ్యవసాయం



ఎడగారు నార్లు పోసే రోజుల్లో దగదర్తి ప్రాంతంలో ఒక పెద్దరైతు నన్ను చెరువుకట్ట మీద నిలబెట్టి అడిగాడు: "అయ్యా, ఇక్కడ విమానాశ్రయం వస్తుందంటున్నారు. నిమ్మమొక్కలు నాటమంటారా, మానమంటారా? ఇవాళ నాటితే ఏళ్ళు గడిస్తేగాని కాపు రాదు గదా!" పైరుకు పట్టిన తెగులయితే అక్కడే మందు చెప్పేవాణ్ణి. దీనికి మాత్రం ఆ పూట జవాబు చెప్పలేకపోయాను. తర్వాత విచారించి తెలుసుకున్న సంగతులు ఈవేళ మనవి చేస్తాను.

2019 జనవరిలో దామవరం దగ్గర ఈ విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగింది. పని సాగలేదు. నడుమ తెట్టు దగ్గర కడతారనే మాట వచ్చింది. 2024 తర్వాత మళ్ళీ దగదర్తి పేరే ముందుకు వచ్చింది. ఇన్నేళ్ళుగా అక్కడి రైతు బోరు వేయాలన్నా, తోట పెట్టాలన్నా, అవసరానికి ఎకరం అమ్మాలన్నా వెనకాముందాడుతున్నాడు. విమానం మోత ఇంకా వినపడలేదు గాని, దిగులు మాత్రం ముందే వచ్చి కూర్చున్నది.

ఎన్ని ఎకరాలు పోతాయని అందరం అడుగుతాం. రన్‌వే ఏ దిక్కుగా వేస్తారో కూడా అడగవలెను. ఎందుకంటే మోత అన్ని వూళ్ళకూ ఒక్కతీరుగా వుండదు. రన్‌వే రెండు కొసలకు ఎదురుగా వున్న వూళ్ళకు ఎక్కువ, పక్కనున్న వాటికి తక్కువ. దిగే విమానం సామాన్యంగా మూడు డిగ్రీల వాలున వస్తుంది. అంటే కిలోమీటరుకు సుమారు 52 మీటర్లు దిగుతుంది. కొసకు 5 కిలోమీటర్ల దూరాన వున్న వూరి మీద సుమారు 275 మీటర్ల ఎత్తున పోతుంది. 2 కిలోమీటర్లయితే 120 మీటర్లే. పైకి లేచేటప్పుడు ఇంజను మోత ఇంకా హెచ్చు. విమానం గాలికి ఎదురుగా లేస్తుంది, ఎదురుగానే దిగుతుంది. కనుక మన కోస్తాలో గాలి మళ్ళితే మోత భరించే వూరు కూడా మారవచ్చు.

విమానాశ్రయాల మోతకు 2018లో కేంద్ర ప్రభుత్వం హద్దులు పెట్టింది. రద్దీ లేని విమానాశ్రయాల చుట్టూ పగలు 65, రాత్రి 60 డెసిబెల్సు. ఇది గంటల తరబడి తీసిన సగటు. ఒక్క విమానం నెత్తిమీదుగా పోయినప్పుడు అంతకు మించి వినబడుతుంది. కాబట్టి రాత్రిపూట ఎన్ని విమానాలు తిరుగుతాయో ముందే అడిగి తెలుసుకోవలెను.

అడిగే చోటు కూడా వున్నది. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషను ప్రకారం కొత్త విమానాశ్రయానికి ప్రజాభిప్రాయ సభ జరపాలి. కనీసం 30 రోజుల ముందు ప్రకటన యివ్వాలి. ఆ సభలో యెవరైనా మాట్లాడవచ్చు, కాగితం రాసి యివ్వవచ్చు. వాగులు మళ్ళిస్తే మన చెరువుకు నీరు యెటునుంచి వస్తుంది? కార్తీక మాసపు వానల్లో వరద యెటు పోతుంది? 2015 నవంబరు వరదలు చూసినవాళ్ళం మనం. ఈ ప్రశ్న తప్పక వేయండి.

మన పక్షాన కూడా కొన్ని జాగ్రత్తలున్నవి. విమానాశ్రయానికి 10 కిలోమీటర్ల లోపల పక్షులు మూగేటట్టు చెత్త, మాంసం, చేపల వ్యర్థాలు పారబోయకూడదని విమాన నిబంధనలు. చచ్చిన రొయ్యలను గుంట గట్టున పారేసే అలవాటు మానాలి. పశువులు మోతకు క్రమంగా అలవాటు పడతాయి. కోళ్ళు మాత్రం ఒక్కసారిగా బెదిరి మూలకు చేరి తొక్కుకుంటాయి. షెడ్డులో నడుమ నడుమ అడ్డుతడకలు కట్టండి.

ఇక భూమి సంగతి. 2013 భూసేకరణ చట్టం కింద తొలి నోటిఫికేషను వచ్చిన తర్వాత 60 రోజుల లోపల అభ్యంతరం రాసి యివ్వవచ్చు. ఆ నోటిఫికేషను తర్వాత అమ్మకాలు, తాకట్లు కుదరవు. పరిహారంలో చెట్లకు, నిలిచిన పైరుకు కూడా లెక్క కట్టాలి. మూడేళ్ళుగా అక్కడే కౌలు చేసి, కూలి చేసి బతికే కుటుంబాలనూ నష్టపోయినవారుగా చట్టం గుర్తిస్తుంది. కాని కాగితం లేనిదే మాట నిలవదు. ప్రతి పంటా ఈ-క్రాపులో రాయించండి. కౌలుదారులు సాగుదారు హక్కు పత్రం తీసుకోండి. చెట్ల లెక్క అడంగలులో వున్నదో లేదో చూసుకోండి.

ఆ పెద్దరైతు దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. "ముందు మీ సర్వే నంబరు ప్లానులో వున్నదేమో తహసీల్దారు కార్యాలయంలో కనుక్కుందాం రండి. లేకుంటే నిస్సందేహంగా నిమ్మ నాటండి. వుంటే తేలేదాకా వరి, మినుము వేయండి. భూమిని మాత్రం బీడు పెట్టవద్దు" అన్నాను. ఆయన కండువా దులిపి, "పదండయ్యా, ఇవాళే పోదాం" అని లేచాడు.

మీరూ వెళ్ళండి. ఒక్కరుగా గాక, వూరంతా కలిసి వెళ్ళండి. సెలవు.