పని ఒకటే, కూలి ఒకటే


మా సంఘం వాళ్లం పాత మండువా ఇంటి టేకు కిటికీలు బాగుచేసే పని నేర్చుకున్నాం. మొదటిరోజు పొడిగానే రంగు గీకేశాం. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, ఆ దుమ్ము పిల్లలకు చాలా చెడ్డదని మర్నాడు వడ్రంగి మేస్త్రిగారు చెప్పేసరికి గుండె గుభేలుమంది. అవే చీరలతో ఇంటికెళ్లి పిల్లల్ని ఎత్తుకున్నాం కదా! ఇప్పుడు తడిపి, మాస్కు పెట్టుకునే గీకుతున్నాం. చీర మార్చుకునే ఇల్లు చేరుతున్నాం.

పుచ్చినంత మేర కోసి, టేకు ముక్క అతికించి, అవిసె నూనె పట్టిస్తే చాలు. రెక్క మొత్తం మార్చక్కర్లేదు.

"ఆడవాళ్లకు ఉలి పనా?" అన్నవాళ్లే ఇప్పుడు పిలుస్తున్నారు. కానీ సగం కూలే ఇస్తామంటున్నారు. పని ఒకటే అయినప్పుడు కూలి కూడా ఒకటే ఉండాలి. దీనిమీద సమాఖ్య తీర్మానం చేయాలని కోరుతున్నాం.